పాత రైస్ మిల్లులో కచేరీల సీజన్: ఒక మైకు సెట్టువాడి రివ్యూ

సీజన్ పాసు ఆరువందలు. విడిగా అయితే కచేరీకి యాభై, సినిమాకి ముప్ఫై, వర్క్‌షాపుకి సామాను ఖర్చు వేరే. కార్తీకంలో మొదలుపెట్టి మాఘం వెళ్ళేదాకా నడిపారు. పెట్టిన డబ్బుకి నష్టం లేదని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద నాలుగు తిట్లు ఉన్నాయి. అవి మాత్రం చదివేసి "బాగోలేదట" అని వచ్చే ఏడాది మానేసేవాళ్ళు మన ఊళ్ళో ఉంటారు.

కొత్తవాళ్ళ కోసం చెప్పాలంటే, ఇది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో బజారుకి కొంచెం ఎడంగా ఉన్న రైస్ మిల్లు. మిల్లు మూతపడ్డాక చాన్నాళ్ళు తాళం వేసి ఉండేది. కొందరు కుర్రాళ్ళు, రిటైరైన మాస్టార్లు, ఒక డాక్టరమ్మగారు కలిసి కమిటీగా ఏర్పడి, యజమాని దగ్గర లీజుకి తీసుకుని బాగుచేశారు. గేటు మీద పెద్ద పేరే రాయించారు గానీ ఆటో అబ్బాయికి "పాత మిల్లు" అంటేనే తెలుస్తుంది. పాతపట్నం వాళ్ళు స్కూటరు మీద వచ్చి పోవచ్చు. టెక్కలి, నౌపడ వైపు నుంచి వచ్చేవాళ్ళు మాత్రం తిరుగు ప్రయాణం సంగతి ముందే చూసుకోండి.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు మైకు సెట్ల వ్యాపారం. పెళ్ళిళ్ళు, గ్రామదేవత పండగలు, మీటింగులు. అటు ఒడియా ఊళ్ళు, ఇటు తెలుగు ఊళ్ళు. మా నాన్న చింతచెట్టుకి హారన్ కట్టిన రోజుల నుంచి ఇంట్లో ఇదే పని. ఈ కమిటీవాళ్ళు సౌండుకి నన్ను పిలవలేదు, బయట ఊరి నుంచి తెప్పించుకున్నారు. ఆ కడుపుమంటతో రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. నా చెవికి వినబడింది నేను రాస్తున్నాను.

మొదట మెచ్చుకోవలసింది ఆ గదిని. పొడుగాటి హాలు, మంచి ఎత్తు, పైన రేకులు. అలాంటిచోట మామూలుగా మాట మీద మాట పడి ముద్దైపోతుంది. వెనక కూర్చున్నవాడికి గోల తప్ప ఏమీ అందదు. వీళ్ళు ఏం చేశారంటే, పాత గోనెసంచులు విప్పదీసి, ఒకదానికొకటి కుట్టి, రెండు గోడలకీ పైనుంచి కిందిదాకా మడతలు మడతలుగా వేలాడదీశారు. వాటి వెనక కొబ్బరిపీచు పరుపులు. గోనెకీ గోడకీ మధ్య జానెడు ఖాళీ వదిలారు. ఆ ఖాళీ వదలడంలోనే పనితనమంతా ఉంది. గోడకి అతికించేస్తే సగం ఫలితం కూడా రాదు. ఈ ఉపాయం చెప్పింది పూర్వం అదే మిల్లులో కలాసీగా చేసిన పెద్దాయనట. హాలు నిండా బస్తాలున్న రోజుల్లో ఈ మూల నుంచి కేకేస్తే ఆ మూలకి వినబడేది కాదు బాబూ, బస్తాలు పోయాకే ఈ గింగురు మొదలైంది అన్నాడట. ఏసీ కల్యాణమండపాల్లో కూడా మాట ఇంత శుభ్రంగా వినబడదు.

ఇంత మంచి గది చేతిలో ఉంది కదా. అందులో మైకు ఆపేసి, గడియారం వంక చూడకుండా దేన్ని నడిపారో అది బ్రహ్మాండంగా వచ్చింది. దేన్ని మైకులో పోసి టైముకి కోశారో అది పాడైంది. సీజన్ మొత్తం మీద నా అభిప్రాయం ఇంతే. మైకులు అద్దెకిచ్చి బతికేవాడిని ఈ మాట అంటున్నానంటే అర్థం చేసుకోండి.

జముకులకథ రోజు చూడాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన బృందం. ముందు కథకుడు, పక్కన ఇద్దరు వంతలు. జముకు చూడనివాళ్ళకి: ఒకవైపు తోలు బిగించిన గొట్టం, ఆ తోలు మధ్యలోంచి వచ్చే నరం. ఆ నరాన్ని ఒక చేత్తో బిగలాగుతూ రెండో చేత్తో మీటుతారు. లాగుడు పెరిగినకొద్దీ శ్రుతి పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. కథలో ఏడుపు వచ్చినచోట జముకు కూడా జారుతూ ఏడుస్తుంది. దీనికి మైకు పెడితే నరం తెగబడి కొట్టిన దెబ్బ ఒక్కటే వస్తుంది, ఆ జారుడు రాదు. నేను పండగల్లో పెట్టి చూసినవాడినే, ఏ మైకు పెట్టినా అంతే. ఆ సాయంత్రం కరెంటు పోయింది, జనరేటరు వెంటనే అందుకోలేదు. కథకుడు ఆగలేదు. గజ్జెలు ఝణమంటూ ముందుకొచ్చి, మొదటి వరసలో కూర్చున్న పిల్లల ముందు నిలబడి, గొంతెత్తాడు. ఎవరో రెండు ఎమర్జన్సీ లైట్లు తెచ్చి నేల మీద పెట్టారు. కరెంటు వచ్చాక సౌండు కుర్రాడు మైకు ఆన్ చెయ్యబోతే వెనక వరసల్లోంచే "వద్దొద్దు" అన్నారు. తెలుగు రాని ఒడియా కుటుంబం ఒకటి నా పక్కనే ఉంది. వాళ్ళు కూడా కథ అయ్యేదాకా కదల్లేదు. సీజన్‌లో అన్నిటికంటే మంచి కార్యక్రమం ఇది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఒడిస్సీ సంగీతం (ఒడిశా శాస్త్రీయ సంగీతం) సాయంత్రం. కార్యక్రమం ఆలోచన చాలా గొప్పది, గోపాలకృష్ణ పట్నాయక్ పదాలు మాత్రమే పాడించారు. 1784లో పుట్టి 1862లో పోయిన ఈ కవి మన పర్లాకిమిడివాడే. రాధాకృష్ణుల మీద ఆయన రాసిన పాటలు ఈనాటికీ ఒడిస్సీ గాయకులు పాడుతూనే ఉంటారు. సొంత ఊళ్ళో, ఒక సాయంత్రమంతా ఆయన పాటలే పెట్టాలన్న బుద్ధి పుట్టినందుకు కమిటీకి దండం పెట్టాలి. పాడినావిడ గొంతు కూడా మంచిది, అక్షరం అక్షరం విడమరిచి పాడే పద్ధతి. కానీ మర్దళకి (ఒడియావాళ్ళ మద్దెల) రెండు వైపులా మైకు, వేణువుకి మైకు, ఆవిడకో మైకు, అన్నీ కలిపి పెద్ద కాలమ్ బాక్సుల్లోకి. మర్దళ ఎడమ మూత దెబ్బ పడినప్పుడల్లా పాట మాయం, పెళ్ళిలో వంటవాడి కేకకి మంత్రం మాయమైనట్టు. ఇంటర్వెల్‌లో వెళ్ళి, "బాబూ, మర్దళ మైకులు తీసెయ్, ఆ వాయిద్యం ఈ గదికి దానంతటదే చాలు" అని సౌండు అబ్బాయికి మెల్లిగా చెప్పాను. "బుకింగులో ఆరు చానళ్ళు రాశారు ఆజ్ఞా (ఒడియాలో 'అయ్యా' అని), ఆరూ వాడాలి" అన్నాడు. తప్పు వాడిది కాదు. డబ్బు కట్టాం కాబట్టి అన్నీ మోగాలి అనుకునేవాళ్ళది. ఈ జబ్బు మా వ్యాపారంలో ఎప్పటినుంచో ఉంది.

ఇక ప్రహ్లాద నాటకం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, కోపం ఎక్కువ ఉంది కాబట్టి.

ఒడిశాలో గంజాం జిల్లా వైపు దీన్ని తెలియనివాళ్ళుండరు. జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఉన్న నాటకం. ఆ జలంత్రకోట ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది, నాటకం మాత్రం ఒడియాలో బతుకుతోంది. పాటల నడక వింటుంటే మన యక్షగానం ఎక్కడో లోపల పలుకుతూ ఉంటుంది. ఆడేచోట ఒక పక్కన మెట్ల మంచె కడతారు. హిరణ్యకశిపుడు దాని మీద కూర్చుంటాడు, కోపమొస్తే ఆ మెట్ల మీద నుంచి దూకుతూ దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. కింద గాయకుడు, మర్దళ, తాళాలు, ముఖవీణ (చిన్న సన్నాయి లాంటిది). నరసింహుడి ముఖానికి పూజ చేసి గానీ కట్టరు. నాటకం రాత్రంతా నడిచి తెల్లవారగట్ల స్తంభం పగిలేసరికి, చూసేవాడికి నిద్రమత్తూ భక్తీ కలిసిపోయి ఉంటాయి. ఆ అలసట నాటకంలో భాగం. హిరణ్యకశిపుడు రాత్రంతా ఎగిరి ఎగిరి, గొంతు బొంగురుపోయి, చెమటకి రంగు కారిపోయి, అప్పటికి కూడా "ఎక్కడున్నాడు నీ హరి" అని అడుగుతాడు చూడండి, అప్పుడు భయం వేస్తుంది.

వీళ్ళు దాన్ని రెండున్నర గంటలకి కోశారు. ఆరున్నరకి మొదలు, తొమ్మిదికి మంగళం. అందులో పావుగంట అతిథులకి శాలువాలు. ప్రహ్లాదుణ్ణి ఏనుగుతో తొక్కించడం, పాములతో కరిపించడం, కొండ మీద నుంచి తోయించడం, ఒక్కోదానికి ఒక్కో పాట, ఒక్కో రాగం. అవన్నీ అనౌన్సర్ నోటితో నాలుగు వాక్యాల్లో చెప్పించేశారు. హిరణ్యకశిపుడి వేషగాడు పెద్ద వయసువాడు, మెట్లు దిగడంలో ఆయన కాలు పడే తీరు చూస్తే చిన్నప్పటి నుంచీ అదే పనిలో ఉన్నాడని తెలిసిపోతుంది. మూడోసారి మంచె ఎక్కి ఊపందుకునే సమయానికి పక్కనుంచి ఒక కుర్రాడు వాచీ చూపించాడు. ఆయన మొహం నేను దగ్గర్నుంచి చూశాను. ఒక్క క్షణం ఆగి, గాయకుడి వైపు తిరిగి, వేలితో గాలిలో చిన్న సున్నా చుట్టాడు. ముగించెయ్ అని. గాయకుడు పాట మధ్యలో వదిలేసి నేరుగా స్తంభం దగ్గరికి వచ్చేశాడు. నరసింహుడు వచ్చాడు గానీ ఎవరికీ ఒళ్ళు జలదరించలేదు. నా వెనకావిడ బ్యాగు సర్దుకుంటోంది.

తర్వాత కమిటీ కుర్రాణ్ణి అడిగితే, పది దాటితే పోలీసులు వస్తారండీ, సౌండు రూల్సు ఉన్నాయి అన్నాడు. ఈ రూల్సు నాకు నోటికి వచ్చు, నా కూడు వాటి మీదే ఆధారపడింది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు మైకులు, సౌండు సిస్టములు వాడకూడదు, నిజమే. అయితే నాలుగు గోడల మధ్య, ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు వగైరాల్లో లోపలివాళ్ళకి మాత్రమే వినబడేలా నడిపితే మినహాయింపు అందులోనే రాసి ఉంది. ఆరుబయట అయినా సరే, సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకి ఏడాదికి పదిహేను రోజులకి మించకుండా రాత్రి పన్నెండు దాకా అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. హాలు ఉంది, హాలు ఎత్తుకి మెట్ల మంచె సునాయాసంగా పడుతుంది, గోనెలు వేలాడుతున్నాయి, మాట తేటగా వినబడుతుంది. మైకు అక్కర్లేదని జముకులకథ రోజే తేలిపోయింది. ఇక రాత్రంతా ఆడించడానికి అడ్డం ఏమిటి? వాచ్‌మన్‌కి డబుల్ కూలీ, జనాలకి టీ. రాత్రి పన్నెండుకి సగం మంది పోతారు, పోనివ్వండి. తెల్లవారుజామున ముప్ఫై మంది మిగిలినా ఆ ముప్ఫై మంది జన్మలో మరిచిపోరు.

తప్పెటగుళ్ళు మాత్రం పెరట్లో, మిల్లు వెనక వడ్లు ఎండబోసే కళ్ళంలో పెట్టారు, అది మంచి పని. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని ఒకేసారి కొడుతూ తిరుగుతుంటే సిమెంటు నేల అదిరింది. ఒకరి మీద ఒకరు ఎక్కి గుడి గోపురం కట్టారు, పైన చిట్టచివర ఒక బక్కపలచని కుర్రాడు. మా మనవడు ఇప్పటికీ మంచం మీద దిళ్ళు పేర్చి అదే ఆట. హరికథ ఒక రోజు, కర్ణాటక వయొలిన్ ఒక రోజు జరిగాయి, రెండూ బాగానే ఉన్నాయి. సిటీ నుంచి ఫ్యూజన్ బ్యాండు వచ్చింది. నేను మూడో పాటకి బయటికొచ్చి బజ్జీలు తిన్నాను.

సినిమాలు ఆదివారం సాయంత్రాలు. తెర పెద్దదే, ప్రొజెక్టరు వెలుగు చాలు, కుర్చీల వరసలు సమంగా ఉండటంతో ముందువాడి తల అడ్డం వస్తుంది. నేను రెండు సినిమాల గురించి రాస్తాను.

ఒకటి 'మాలపిల్ల'. 1938 నాటిది. గూడవల్లి రామబ్రహ్మం తీశారు, కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. ధర్మారావు గారు పుట్టింది బరంపురంలో, 1887లో. కాలేజీ చదువు మన పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులుగారి శిష్యరికం. మనుషులు మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని గురువుగారు జీవితమంతా కొట్లాడారు, శిష్యుడు ఆ తెలుగుని తెర మీద కాంచనమాల చేత పలికించాడు. సినిమా వచ్చేనాటికి పంతులుగారు ఈ ఊళ్ళో లేరు. 1936లో ఒడిశా విడి రాష్ట్రమై పర్లాకిమిడి అందులోకి వెళ్ళినప్పుడు, ఆ బాధతో ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇంత కథ ఉంది కదా, సినిమాకి ముందు పరిచయం చేసినాయన ఇందులో ఒక్క ముక్కయినా చెప్పాలా? చెప్పలేదు. అస్పృశ్యతా నిర్మూలన, సామాజిక స్పృహ అంటూ పది నిమిషాలు ఎక్కడికైనా సరిపోయే ఉపన్యాసం ఇచ్చారు. ఆ మాటలు రాసినాయన మన వీధుల్లో నడిచి కాలేజీకి వెళ్ళాడు నాయనా అని లేచి చెప్పాలనిపించింది. వెనక ఎవరో మాస్టారు చెప్పారు చివర్లో, అప్పటికి సగం మంది గేటు దాటారు.

సౌండు గురించి ఒక మాట. పాత సినిమా, బుస ఎక్కువ. ఆపరేటరు మాటలు తెలియడం లేదని ట్రెబుల్ (పైస్థాయి శబ్దం) పెంచాడు. ట్రెబుల్ పెంచితే పెరిగేది బుసే. పైది తగ్గించి, మధ్యస్థాయి కొంచెం ఎత్తితే గొంతు ముందుకొస్తుంది. ఇంటర్వెల్‌లో చెబితే ఈ అబ్బాయి విన్నాడు. రెండో సగంలో గోవిందరాజుల సుబ్బారావు గారి మాట గోడ దాకా స్పష్టంగా వచ్చింది. ఈ అబ్బాయిని వదులుకోవద్దని కమిటీకి మనవి.

రెండోది 'మాయా మృగ', 1984 నాటి ఒడియా చిత్రం, నీరద్ మహాపాత్ర దర్శకుడు. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు దాన్ని బాగుచేశాక 2024లో ఇటలీలోని బొలోన్యాలో వేశారు. అప్పటికి మనవాళ్ళు చాలామంది పేరు కూడా వినలేదు. పూరీలో ఒక ఉమ్మడి కుటుంబం. రిటైరవబోయే హెడ్మాస్టరు, ఇంటెడు చాకిరీ చేసే పెద్దకోడలు, ఐఏఎస్ అయ్యి దూరమైపోయే కొడుకు. పాటల్లేవు, కొట్టుకోవడాల్లేవు. మొదటి అరగంట కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి, తర్వాత ఆ చప్పుడు పోయింది. మా ఆవిడ సినిమాల్లో మాట్లాడకుండా ఉండలేదు. ఆ రోజు దారంతా ఒకటే అడిగింది: "ఆ పెద్దకోడలు ఒక్కసారైనా కూర్చుని తిందా?" నాకు గుర్తులేదు. అది కనిపెట్టడానికైనా మళ్ళీ వేస్తే మళ్ళీ వెళ్తాం.

వర్క్‌షాపుల్లో కొమ్ముపని తప్పకుండా చూడండి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు అందరూ కొంటారు, కొంగలు, రొయ్యలు, దువ్వెనలు. చేసేటప్పుడు చూసినవాళ్ళు తక్కువ. మాస్టారు గేదె కొమ్ముని బొగ్గుల సెగ మీద తిప్పుతూ మెత్తబరుస్తారు. అప్పుడు వచ్చేది కాలిన గోళ్ళ వాసన, గోరూ కొమ్మూ ఒకే పదార్థం కదా మరి. ముక్కు మూసుకున్నవాళ్ళు అక్కడే లేచిపోయారు. మెత్తబడ్డాక రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కి, చల్లారాక ఆకురాయి పడతారు. ముతక ఆకురాయి, తర్వాత సన్నది, తర్వాత గరుకు కాగితం, చివర నూనె గుడ్డ. అప్పటిదాకా బూడిద రంగులో మొద్దుగా ఉన్నది గుడ్డ నాలుగుసార్లు తిరిగేసరికి లోపలి గీతలు బయటపడి నల్లగా నిగనిగలాడింది. నా పక్కన ఇంటర్ చదివే అమ్మాయి కొంగ మెడ సన్నగా వస్తుందని మరీ అరగదీసింది, పుటుక్కున విరిగింది. మాస్టారు నవ్వి, ఆ ముక్కనే చిన్న చేపగా మార్చి చేతిలో పెట్టారు. ఇది రెండు ఆదివారాలు పెట్టారు, అందుకే పని నేర్చుకోవడానికి వీలైంది.

సవర గిరిజనుల బొమ్మల వర్క్‌షాపుకి మాత్రం ఒక్క పూటే ఇచ్చారు. గుణుపురం అవతల కొండల నుంచి ఒక పెద్దాయన, ఆయన మేనకోడలు వచ్చారు. ముందు చుట్టూ చట్రం గీసి, లోపల మనుషులు, చెట్లు, గుర్రాలు, ఏనుగులు నింపుకుంటూ పోతారు. ఇళ్ళల్లో అయితే ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. ఇక్కడ కాగితం, సీసా రంగు. ఎవరో అడిగారు, దీనికి పూజ ఉండాలి కదా అని. "ఇంట్లో వేసి పిలిస్తే పెద్దలు వస్తారు. ఇక్కడ పిలవడం లేదు, ఇది బొమ్మ మాత్రమే" అన్నాడు పెద్దాయన, మేనకోడలు తెలుగులో చెప్పింది. ఆ తేడా తేటగా చెప్పినందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. 2024లో లాంజియా సవర (సవరల్లో ఒక శాఖ) చిత్రాలకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ కాగితం ఫొటో ఫోనులో చూపించింది ఆ అమ్మాయి. గిడుగువారు 1931లో సవర భాష మీద పుస్తకం వేసి, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చిన సంగతి కూడా ఆమెకి తెలుసు. నిర్వాహకులకి తెలుసో లేదో. పన్నెండున్నరకల్లా భోజనాలని లేపేశారు, చాలామందికి చట్రం లోపల సగం కూడా నిండలేదు.

భాష గురించి ఫిర్యాదు చెయ్యకుండా ఉండలేను. అనౌన్స్‌మెంట్లు ఒడియాలో, తర్వాత ఇంగ్లీషులో. ఒడియా ముందు రావడం న్యాయం, ఇది ఒడిశా. కానీ హాల్లో సగం మంది ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్ళు ముందు రెండు వరసలు. తెలుగులో వినబడేది ఒక్కటే వాక్యం: "దయచేసి మీ సెల్‌ఫోన్లు ఆఫ్ చెయ్యండి." తెలుగువాళ్ళే ఫోన్లు మోగిస్తారని కమిటీ నమ్మకం కాబోలు. తెలుగు కరపత్రంలో హరికథ 'హరికధ' అయింది, తాపీ 'టాపి' అయింది. అచ్చేసే ముందు ఎవరికైనా చూపిస్తే ఉచితంగా దిద్దిపెడతారు, ఊరు నిండా రిటైరైన తెలుగు మాస్టార్లే.

తిండి బాగుంది. మిషన్ శక్తి గ్రూపు (ఒడిశాలో ఆడవాళ్ళ పొదుపు సంఘం) ఆడవాళ్ళు నడిపే చిన్న స్టాలు, బరా గుగుని (గారెలు, బఠాణీ కూర) వేడిగా, మిరపకాయ బజ్జీ, చలికాలం కాబట్టి అరిసెలు కూడా. ఉదయం వర్క్‌షాపులకి చోడి అంబలి ఉంచారు, మజ్జిగా ఉల్లిపాయా వేసి. ధరలు బజారు ధరలే. కాగితం ప్లేట్లు కాకుండా ఆకు దొన్నెలు పెట్టారు. ఆడవాళ్ళ బాత్రూము ఒకటే, ఇంటర్వెల్‌లో పొడుగాటి లైను. మగవాళ్ళ వైపు లైటు సీజన్ మొదటినుంచీ వెలగలేదు, చివరికి ఎవరో ప్రేక్షకుడే బల్బు తెచ్చి పెట్టాడు.

వచ్చే సీజన్‌కి వెళ్ళేవాళ్ళు ఇలా చెయ్యండి. జానపదం, కథ, నాటకం ఏది ఉన్నా వదలకండి. మైకులు ఎక్కువ కనబడే కచేరీ అయితే బాక్సులకి ఎదురుగా కూర్చోకుండా ఎడమ గోడ పక్కకి, గోనె దగ్గరికి జరగండి, గొంతు బాగా వినబడుతుంది. ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉందంటే దానికి కారణం ఉంటుంది, ఆ ఫ్యాను చప్పుడు చేస్తుంది. సినిమాకి పిల్లల్ని తీసుకెళ్తే ముందు వరసకే వెళ్ళండి. పాసులు దసరా వెళ్ళాక ఇస్తారు, ఫోను బుకింగ్ లేదు, సాయంత్రం ఐదు తర్వాత గేటు పక్క గదిలో అడగాలి. ఆరువందలకి చిల్లర సరిపెట్టుకుని వెళ్ళండి, వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉండదు.